కాకినాడ తీరంలో అమెరికా సైనికులు దిగితే మనం వాళ్ల కూటమిలో చేరిపోయినట్టేనా?

ప్రశ్న అడిగిన తమ్ముడు గారిది కోనసీమలో సముద్రం ఒడ్డునున్న ఊరు. ఇంట్లో కొందరు వేటకు వెళ్తారు, కొందరు రొయ్యల చెరువులు కౌలుకు చేస్తారు. ఆయన అడిగినవి మూడు. కాకినాడ దగ్గరికి అమెరికా ఓడలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి రేపు ఇక్కడ వాళ్ల స్థావరం పెడతారా? మనకు యుద్ధం వస్తే వాళ్లు వచ్చి నిలబడతారా? మన రొయ్యల మీద సుంకం వేసినవాళ్లతో ఈ సైనిక స్నేహం ఎందుకు?

సూటిగా జవాబు: స్థావరం రాదు. ఇప్పుడున్న ఏ ఒప్పందంలోనూ దానికి చోటు లేదు. యుద్ధం వస్తే వాళ్లు వచ్చి తీరాలన్న షరతు లేదు, వాళ్ల యుద్ధానికి మనం వెళ్లాలన్న షరతూ లేదు. భారతదేశం ఏ సైనిక కూటమిలోనూ సభ్య దేశం కాదు. అయినా వాళ్లతో కలిసి చేసే ఈ సైనిక విన్యాసాలు మనకు అవసరమనే నేను నమ్ముతున్నాను. వాటిని చూసి భయపడక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట ఉంది, అది కిందికి వచ్చాక చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. 1987లో ఒడిశాలోని ఐఎన్ఎస్ చిలికాలో ట్రైనింగుకు చేరి, ముప్పై ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా 2017లో ఇంటికొచ్చాను. నాది స్టోర్స్ బ్రాంచి. దాన్నే ఇప్పుడు లాజిస్టిక్స్ అంటున్నారు. ఢిల్లీలో విధానాలు రాసిన గదుల్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. డీజిలు, బియ్యం, మందులు, బోల్టులు, పంపు సీళ్లు, ఇవీ నా చేతుల మీదుగా నడిచినవి. కాబట్టి నేను చెప్పేది స్టోర్ రూమ్ కిటికీలోంచి కనిపించిన రక్షణ విధానం. ఆ కిటికీలోంచి చాలా కనిపిస్తుంది.

ముందు అసలు కాకినాడే ఎందుకో చెబుతాను. చాలామంది దీనిలో ఏదో గుట్టు ఉందనుకుంటున్నారు. తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో ఉంది. అక్కడి నుంచి కాకినాడ సుమారు 150 కిలోమీటర్లు. విశాఖ దగ్గర కొండలు సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. కాకినాడ దగ్గర గోదావరి తెచ్చిపోసిన మేట వల్ల తీరం మెల్లగా వాలుతూ ఇసుకతో ఉంటుంది. హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటం వల్ల లోపలి నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. సైనికులను, బళ్లను ఓడలోంచి నేరుగా ఒడ్డుకు దించడం నేర్పడానికి ఇలాంటి చోటే కావాలి. పైగా అక్కడ నౌకాదళానికి సొంత స్థలం ఉంది, దాన్నే నేవల్ ఎన్‌క్లేవ్ అంటారు. 2023 జనవరి 17 నుంచి 22 వరకు మన మూడు దళాలూ కలిసి చేసిన యాంఫెక్స్ విన్యాసం ఇక్కడే జరిగింది. అందులో విదేశీ సైన్యం లేదు. అంటే అమెరికావాళ్లు వచ్చినా రాకపోయినా ఆ ఇసుక మీద మన ట్యాంకులు దిగుతూనే ఉంటాయి.

ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే పది రోజులు సముద్రంలో హడావుడి ఎందుకో అర్థమవుతుంది. పెద్ద లాండింగ్ షిప్‌కు ముందు వైపు తలుపు ఉంటుంది. ఓడను కావాలనే ఇసుక మీదికి నడిపి, తలుపు తెరిచి, ర్యాంపు దించి, బళ్లను బయటికి తోలతారు. అయితే ఒడ్డుకు వచ్చే ముందే వెనక లంగరు సముద్రంలో వదిలేసి రావాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఆ లంగరు తాడు చుట్టుకుంటూ ఓడ తన్ను తాను వెనక్కి లాక్కుంటుంది. లంగరు వేసిన చోటు తప్పినా, ఆటుపోటు లెక్క తప్పినా ఓడ ఇసుకలో కూర్చుండిపోతుంది. మన మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర మేటలో ఇరుక్కున్న బోటును పోటు వచ్చేదాకా ఎవరూ కదపలేరు కదా, ఇదీ అంతే. కాకపోతే బరువు వేల టన్నులు. అలాంటి ఓడలో నేను నాలుగేళ్లు పనిచేశాను. ఇసుక కింద తగిలినప్పుడు ఓడంతా ఒక మూలుగు మూలుగుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

అమెరికాతో చేసే విన్యాసం పేరు టైగర్ ట్రయంఫ్. మొదటిసారి 2019 నవంబరు 13 నుంచి 21 వరకు, తర్వాత 2024 మార్చి 18 నుంచి 31 వరకు, మళ్లీ 2025 ఏప్రిల్ 1 నుంచి 13 వరకు జరిగింది. మొదట విశాఖ రేవులో మాటలు, కసరత్తులు, ఆటలు. తర్వాత సముద్రంలోకి వెళ్లి కాకినాడ తీరంలో దిగడం. దీని ప్రకటిత లక్ష్యం తుపాను, సునామీ లాంటి విపత్తుల్లో కలిసి సాయం చేయడం. ఒడ్డున మన సైన్యమూ వాళ్ల మెరీన్లూ కలిసి సహాయ శిబిరం, వైద్య శిబిరం పెట్టారు.

"విపత్తు పేరు చెప్పి యుద్ధానికి రిహార్సల్ చేస్తున్నారు" అని తమ్ముడు గారు రాశారు. ఒక మేరకు నిజమే, దాచాల్సింది లేదు. మనుషుల్ని, బళ్లను, మందుల్ని సముద్రం మీంచి ఒడ్డుకు చేర్చే నైపుణ్యం తుపానుకూ యుద్ధానికీ ఒకటే. కానీ విపత్తు అన్నమాట వట్టి సాకు అంటే మాత్రం ఒప్పుకోను. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో మన కోనసీమకు ఏమైందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా? వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు వెళ్లి తిరిగిరానివాళ్లు ఎందరో. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. సెలవు దొరికి ఇంటికొచ్చేసరికి మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. రోడ్ల మీద చెట్లు పడి, లాకులు, కాలవ వంతెనలు దెబ్బతిని, సాయం ఒడ్డు వైపు నుంచి రాలేకపోయిన ఊళ్లున్నాయి. అలాంటి ఊరికి సముద్రం వైపు నుంచి రావడం ఎలాగో నేర్చుకోవడమే ఈ లాండింగ్ విద్య.

2004 డిసెంబరు 26 సునామీ నాటికి నేను విశాఖలో ఉన్నాను. మన రాష్ట్రంలోనే వందకు పైగా చనిపోయారు. తమిళనాడు, అండమాన్ సంగతి తెలిసిందే. సొంత తీరం దెబ్బతిని ఉండగానే మన నౌకాదళం శ్రీలంక, మాల్దీవులు, ఇండొనేషియాలకు కూడా ఓడలు పంపింది. మూడు రోజులు నిద్ర లేకుండా బియ్యం, మంచినీళ్లు, టార్పాలిన్లు ఎక్కించాం. ఆ సునామీ సహాయం కోసమే భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసి ఒక బృందంగా పనిచేశాయి. ఈ రోజు క్వాడ్ అని పేపర్లలో చదువుతున్నదానికి విత్తనం అక్కడ పడింది.

కలిసి పనిచేయడం అని రాయడం తేలిక. ఒక విన్యాసంలో విదేశీ ట్యాంకర్ నుంచి మా ఓడ ఆయిలు తీసుకోవాలి. రెండు ఓడలూ పక్కపక్కనే ఒకే వేగంతో నడుస్తుండగా మధ్యలో గొట్టం వేస్తారు. గొట్టం వచ్చింది, మా వాల్వుకు దాని మూతి సరిపోలేదు. అడాప్టర్ పట్టికలో ఉంది, పెట్టెలో లేదు. దాన్ని సర్దాల్సిన జాబితా నాది, తప్పు నాది. ఆ రోజు పని వాయిదా పడింది. వర్క్‌షాప్‌లో లేతు మీద ఇంకోటి చేయించుకుని మర్నాడు పూర్తిచేశాం. ఇంకోసారి వాళ్లు లెక్క గ్యాలన్లలో చెప్పారు, మా కాగితాలు టన్నుల్లో ఉన్నాయి. నిజమైన విపత్తులో ఆ ఒక్క రోజు ఎన్ని ప్రాణాలకు సమానమో ఊహించండి. విన్యాసాల్లో కనిపించని పని ఇదే. ఫొటోల్లో హెలికాప్టర్లు వస్తాయి. నాకు మాత్రం గొట్టం మూతి సరిపోయిందా లేదా అన్నదే విన్యాసం.

ఇక స్థావరం భయం. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది మన నేలలోనే పుట్టింది. గొల్లప్రోలు దగ్గర చందుర్తి ఉంది కదా. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లిషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ యుద్ధం జరిగింది. ఇంగ్లిషువాళ్లను ఈ వైపు పిలిచింది విజయనగరం రాజు ఆనంద గజపతి. ఫ్రెంచివాళ్ల మీద కోపంతో బెంగాల్లో ఉన్న క్లైవును సాయం అడిగాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చాడు, చందుర్తిలో గెలిచాడు, మరుసటి ఏడాది మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. ఏడెనిమిదేళ్లలో ఉత్తర సర్కారులన్నీ, అంటే మన కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. 1794లో అదే విజయనగరం వంశపు రాజు చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర అదే కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. ఆ సైన్యాన్ని పిలిచిన నాటికీ, అదే సైన్యం చేతిలో ఆ వంశపు రాజు పోయిన నాటికీ మధ్య ముప్పై ఆరేళ్లు.

అయితే అప్పటికీ ఇప్పటికీ తేడా ఎక్కడుందో కూడా చూడాలి. అప్పుడు వచ్చిన సైన్యం గెలిచాక వెళ్లలేదు. దాని జీతాలకు మన శిస్తు కట్టాల్సి వచ్చింది. శిస్తు వసూలు చేసే హక్కు చేతికిచ్చాక రాజ్యం ఇచ్చినట్టే. ఇప్పుడు వచ్చేవాళ్లు రెండు వారాల్లో తిరిగి ఓడెక్కుతారు. ఉన్నన్నాళ్లూ మన దళాలతో కలిసి, మనం గీసిన హద్దుల్లో, మన అనుమతితోనే ఉంటారు. విదేశీ సైన్యం మన గడ్డ మీద శాశ్వతంగా ఉండకూడదన్నది స్వాతంత్య్రం వచ్చిన దగ్గర్నుంచి ఏ ప్రభుత్వమూ దాటని గీత.

మరి ఆ లెమోవా ఒప్పందం ఏమిటి అంటారు. 2016 ఆగస్టు 29న అమెరికాతో సంతకమైంది. దాని మీద వచ్చినన్ని పుకార్లు మరిదేని మీదా రాలేదనుకుంటాను. మా స్టోర్స్ భాషలో అది చేబదులు పుస్తకం. వాళ్ల ఓడ మన రేవుకొచ్చినా, మన ఓడ వాళ్ల ట్యాంకర్ పక్కకు వెళ్లినా ఆయిలు, నీళ్లు, తిండి, విడిభాగాలు తీసుకోవచ్చు. తీసుకున్నది రాసుకుంటారు, తర్వాత డబ్బుగానో సరుకుగానో తీరుస్తారు. స్థావరాలు పెట్టడానికి ఈ ఒప్పందంలో వీల్లేదని, కలిసి పనిచేయాలన్న బాధ్యత కూడా దీనివల్ల ఎవరికీ రాదని మన ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది. ఇలాంటి ఒప్పందాలే తర్వాత ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాలతోనూ చేసుకున్నాం.

ఈ పుస్తకం లేని రోజుల్లో పని ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. విదేశీ రేవులో వంద టన్నుల డీజిలు కావాలంటే ముందుగా రాయబార కార్యాలయం, స్థానిక ఏజెంటు, అడ్వాన్సు, డాలర్ల అనుమతి, మూడు రకాల రశీదులు. ఒకసారి ఒక రేవులో కాగితం ఒకటి తక్కువైందని ఏజెంటు ఆయిలు బార్జిని వెనక్కి తీసుకెళ్లిపోయాడు. ఓడ ఒకటిన్నర రోజు ఊరికే నిలబడింది. ఇప్పుడు 2020 సెప్టెంబరులో మన ఐఎన్ఎస్ తల్వార్ ఉత్తర అరేబియా సముద్రంలో అమెరికా ట్యాంకర్ యూకాన్ దగ్గర ఆయిలు తీసుకుంది. తల్వార్ రష్యాలో కట్టిన ఓడ. రష్యా ఓడలో అమెరికా ఆయిలు, నడిపింది మనవాళ్లు. 2022 ఆగస్టులో అమెరికా సరుకు ఓడ చార్లెస్ డ్రూ మరమ్మతుల కోసం చెన్నై దగ్గర కాట్టుపల్లి షిప్‌యార్డుకు వచ్చింది. ఆ పని, ఆ కూలి మనవాళ్లకే దక్కాయి.

రెండో ప్రశ్న, యుద్ధం వస్తే వస్తారా? నాటో దేశాలకు ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అన్న రాత ఉంది. జపాన్‌కు, దక్షిణ కొరియాకు, ఫిలిప్పీన్స్‌కు అమెరికాతో రక్షణ సంధులున్నాయి. మనకు లేదు. 2016లో మనల్ని 'ప్రధాన రక్షణ భాగస్వామి' అన్నారు. ఆ మాటతో సామగ్రి, సాంకేతిక విద్య తేలిగ్గా దొరుకుతాయి. సైన్యం వస్తుందని దాని అర్థం కాదు.

ఇది మనం కావాలని ఎంచుకున్న దారి. చరిత్ర చూస్తే ఎందుకో తెలుస్తుంది. 1962లో చైనా దాడి చేసినప్పుడు అమెరికా విమానాల్లో ఆయుధాలు పంపింది. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 1971 డిసెంబరులో, అదే అమెరికా ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను మన మీద ఒత్తిడి పెట్టడానికి బంగాళాఖాతానికి పంపింది. ఆ ఏడాది ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న సంధి అప్పుడు మనకు పెద్ద అండ అయింది. ఆ సంధిలో కూడా దాడి జరిగితే వెంటనే సంప్రదించుకోవాలని ఉందే గాని సైన్యం పంపి తీరాలని లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే మన కాకినాడకే ఒక అనుభవం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచింది. మన తీరాన్ని కాపాడాల్సింది అప్పుడు బ్రిటిష్ నౌకాదళం. సింహళం (ఇప్పటి శ్రీలంక) దగ్గర దెబ్బ తిన్నాక అది కొంత బొంబాయి వైపు, కొంత ఆఫ్రికాలో మొంబాసా దగ్గరి రేవుకు తప్పుకుంది. వాళ్ల లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే కావచ్చు, ఓడలు దక్కించుకున్నారు. మన తీరం మాత్రం తెరిచిన తలుపులా ఉండిపోయింది. మా తాతగారు ఆ రోజుల గురించి చెబుతూ కాకినాడ నుంచి జనం బళ్లు కట్టుకుని పల్లెలకు వచ్చేశారని అనేవారు. సొంత నౌకాదళం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను.

అందుకే మన విధానం ఇలా ఉంది. ఎవరితోనూ తాళి కట్టించుకోం, అందరితో మాట్లాడతాం. రష్యాతో కలిసి బ్రహ్మోస్ చేశాం. బ్రహ్మపుత్ర, మాస్కోవా నదుల పేర్లు కలిపి పెట్టిన పేరది. ఆ క్షిపణినే 2022లో ఒప్పందం చేసుకుని ఫిలిప్పీన్స్‌కు అమ్మాం. ఆ ఫిలిప్పీన్స్ అమెరికాకు సంధి దేశం. ఫ్రాన్స్ నుంచి రఫేల్ విమానాలు తీసుకున్నాం, ఏటా వరుణ విన్యాసాలు చేస్తున్నాం. ఆ ఫ్రాన్స్ జెండా మన పక్కనున్న యానాంలో 1954 దాకా ఎగిరింది. అమెరికా నుంచి పీ-8ఐ గస్తీ విమానాలు కొన్నాం, రష్యా నుంచి ఎస్-400 గగనతల రక్షణ క్షిపణులు కొన్నాం. బయటివాళ్లకు ఇదంతా గందరగోళంగా కనిపిస్తుంది. వరద కాలంలో ఏటిగట్టు మీద కాపలాకు పక్క ఊరివాళ్లతో కలిసి కూర్చుంటాం, ఇసుక బస్తాలు ఇచ్చిపుచ్చుకుంటాం. అంతమాత్రాన మన ఊరి పెత్తనం వాళ్లకివ్వం కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు: విడిభాగాలు. కాకినాడ ఇసుక మీద దిగే విదేశీ బూటు నన్ను భయపెట్టదు. మన ఓడ కడుపులో ఉన్న విదేశీ మర భయపెడుతుంది. ఎందుకంటే బూటు వెళ్లిపోతుంది, మర ముప్పై ఏళ్లు ఉంటుంది.

నేను చేరిన కొత్తలో మా స్టోర్స్‌లో సగానికి పైగా సోవియట్ సామాను. పెట్టెల మీద రష్యన్ అక్షరాలు, వాటికి మేం పెట్టుకున్న నంబర్లు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. అప్పటిదాకా ఒకే చిరునామాకు వెళ్లిన ఇండెంటు (సామాను కావాలని రాసే కాగితం) ఇప్పుడు ఎక్కడికి పంపాలి? ఒక ఫ్యాక్టరీ రష్యాలో, ఒకటి ఉక్రెయిన్లో, ఇంకోటి ఇంకో కొత్త దేశంలో. కొన్నింటికి అసలు జవాబే రాలేదు. ఒక పంపు సీలు కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూసి, చివరికి మన దగ్గరే ఒక చిన్న వర్క్‌షాప్‌లో రబ్బరు అచ్చు పోయించాం. అది అసలు సీలు కంటే ఎక్కువ రోజులు పనిచేసింది. ఆ కుర్రాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు, నాకు అదొక్కటే బాధ.

1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగినప్పుడు నేను కొచ్చిలో ఉన్నాను. అందరూ స్వీట్లు పంచుకున్నారు, నేనూ తిన్నాను. తర్వాత అమెరికా ఆంక్షలు వచ్చాయి. మన సీ కింగ్ హెలికాప్టర్లు బ్రిటన్ తయారీవే అయినా లోపల అమెరికా భాగాలున్నాయి. రిపేరుకు వెళ్లినవి తిరిగి రాలేదు, కొత్తవి రాలేదు. మంచి హెలికాప్టర్లు ఎగరలేక హ్యాంగర్లో నిలబడ్డాయి. ఒకదాంట్లోంచి భాగం తీసి ఇంకోదానికి వేసి నడపాల్సి వచ్చింది. నా రిజిస్టర్లో 'రాలేదు' అన్న కాలమ్ నెలనెలా పెరుగుతుంటే కడుపులో దేవినట్టుండేది. పైలట్లు వచ్చి "చీఫ్, ఏమైనా వచ్చిందా" అని అడిగేవారు. ఏం చెప్పాలి?

ఇంకో ఉదాహరణ ఐఎన్ఎస్ జలాశ్వ. కాకినాడ విన్యాసాలు మూడింటిలోనూ కనిపించిన పెద్ద ఓడ అదే. 1971లో అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో చేరిన ఓడను మనం సుమారు 5 కోట్ల డాలర్లకు కొని 2007లో చేర్చుకున్నాం. మంచి ఓడ. 2020లో కొవిడ్ సమయంలో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లను ఒకే విడతలో 698 మందిని తీసుకొచ్చింది. కానీ దాని కొనుగోలు షరతుల మీద 2008లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) అభ్యంతరం చెప్పింది. దాడి పనులకు వాడటంపై ఆంక్షలున్నాయని, ఇచ్చిన సామగ్రిని అమెరికా వచ్చి తనిఖీ చేసుకునే వీలుందని ఆ నివేదిక ఎత్తిచూపింది. డబ్బిచ్చి కొన్న ఓడకు అమ్మినవాడి షరతు ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. విన్యాసం గురించి వంద ప్రశ్నలు వేసేవాళ్లు ఇలాంటి షరతుల గురించి ఒక్క ప్రశ్నా వేయరు.

ఇది అమెరికా ఒక్కదాని సంగతి కాదు. మన కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న చేరింది, కొచ్చిలో మనవాళ్లే కట్టారు, గర్వపడాల్సిన ఓడ. దాన్ని నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లు అమెరికా డిజైన్. 2021లో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం డిస్ట్రాయర్‌లో టర్బైన్లు ఉక్రెయిన్‌వి. 2024 డిసెంబరులో రష్యా కాలినిన్‌గ్రాద్‌లో మనకిచ్చిన యుద్ధనౌక తుషిల్ సంగతి ఇంకా విచిత్రం. ఓడ కట్టింది రష్యా, టర్బైన్లు ఉక్రెయిన్‌వి. వాళ్లిద్దరూ కొట్టుకుంటుంటే ఇద్దరి సామానూ మన ఓడలో పక్కపక్కన కూర్చుంది. ఓడకు గుండె లాంటి ఇంజన్లు మనవి అయ్యేదాకా ఏ దేశంతో స్నేహమైనా కొంత అవసరంతో చేసేదే. 2020 నుంచి దిగుమతి చేసుకోకూడని సామాన్ల జాబితాలు రక్షణ శాఖ వేస్తోంది. మంచి పని. కానీ జాబితాలో పేరు ఎక్కడం వేరు, మన లేతు మీద వస్తువు తయారై పరీక్షలో నెగ్గడం వేరు. ఆ మధ్య దూరం నాకు తెలుసు.

మూడో ప్రశ్నకు వస్తాను, రొయ్యల సుంకం. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యలకు అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసే సుంకం) లాంటివి అప్పుడు దీనికి అదనం. మన చెరువుల గట్ల మీద కౌంటు రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధరలు) ఎలా పడ్డాయో, సీడ్ (రొయ్య పిల్లలు) వేయాలా వద్దా అని ఎంతమంది టెన్షన్ పడ్డారో చూశాను. మా మేనల్లుడు ఒక పంట వేయకుండా చెరువు ఎండగట్టేశాడు. సరిగ్గా ఆ సెప్టెంబరు మొదటి రెండు వారాల్లోనే మన మద్రాస్ రెజిమెంట్ జవాన్లు అలాస్కాలో అమెరికా సైన్యంతో యుద్ధ్ అభ్యాస్ అనే విన్యాసం చేశారు. అక్టోబరు 31న రెండు దేశాల రక్షణ మంత్రులు కౌలాలంపూర్‌లో పదేళ్ల రక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమ్ముడు గారి కోపం న్యాయమైనదే. చెరువు ఎండిన ఇంట్లో ఈ వార్త ఎవరికి రుచిస్తుంది?

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. రెండు దారులూ వేరుగా నడవడమే మనకు మేలు. సుంకం కోపంతో విన్యాసం ఆపేస్తే, రేపు సునామీ వచ్చినప్పుడు గొట్టం మూతి మళ్లీ సరిపోదు. సముద్రంలో చైనా జలాంతర్గాములు తిరుగుతున్నాయన్న సమాచారం సమయానికి అందదు. కేజీ బేసిన్ గ్యాస్ బావులు మన తీరానికి ఎంత దగ్గరో మీకు తెలుసు, వాటి చుట్టూ కాపలా సముద్రం మీద కళ్లు ఎంత దూరం చూస్తే అంత గట్టిగా ఉంటుంది. అలాగని విన్యాసం చేస్తున్నాం కదా సుంకం విషయంలో మెత్తబడదాం అనడం అంతకంటే పెద్ద తప్పు. రొయ్యల రైతు తరఫున బేరం గట్టిగానే ఆడాలి. సైనిక స్నేహాన్ని ఆ బేరంలో తగ్గింపు కూపనులా ఇవ్వకూడదు.

కొన్ని విషయాల్లో నాకు అసంతృప్తి ఉంది. ఇలాంటి ఒప్పందాల పూర్తి పాఠం పార్లమెంటులో వివరంగా చర్చకు రావాలి. ప్రజలకు తెలియనప్పుడే పుకారు పుడుతుంది. రెండోది నేరుగా మన మత్స్యకారులది. విన్యాసాల రోజుల్లో ఫలానా చోటికి వేటకు వెళ్లకండి అని కబురు వస్తుంది. ఎక్కువసార్లు ఆలస్యంగా వస్తుంది, అక్షాంశ రేఖాంశాల అంకెల్లో వస్తుంది. 2025లో విన్యాసం ఏప్రిల్ 13న ముగిస్తే, 15 నుంచి వేట నిషేధం 61 రోజులు మొదలైంది. నిషేధానికి ముందు రెండు వారాలు బోటువాడికి ఎంత విలువైనవో ఇంట్లో చూసినవాళ్లకే తెలుస్తుంది. 2008లో ముంబయి దాడి తర్వాత తీర భద్రతకు మత్స్యకారులే కళ్లు, చెవులు అన్నారు, గుర్తింపు కార్డులు ఇచ్చారు. కళ్లు, చెవులు అన్నవాళ్లకు పదిహేను రోజుల ముందు, తెలుగులో, "మొగ నుంచి ఇన్ని మైళ్లు, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా" అని చెప్పడం కష్టమేమీ కాదు. పోయిన వేట రోజులకు పరిహారం ఇవ్వడం కూడా న్యాయం.

మీ ఊరి బోటువాళ్లు అందరూ కలిసి మత్స్యశాఖ కార్యాలయంలో ఈ రెండు విషయాలూ రాతపూర్వకంగా అడగండి. అర్జీ నేను రాసిపెడతాను. ఈసారి విన్యాసాల తేదీలు బయటికి రాగానే ఆ అంకెలన్నిటినీ మన మొగలు, లైట్‌హౌసుల గుర్తులతో తెలుగులోకి మార్చి కాగితం మీద గీసి పంపుతాను. బోట్లు కట్టే రేవులో అందరికీ కనిపించేలా అతికించండి.